15 ఏళ్ళు దాటిన ఆర్గానిక్ బ్రూనెల్లో వైన్ బాటిల్: ఇప్పుడు తెరిచి తాగేయాలా, ఇంకా దాచాలా?

మీ ప్రశ్న మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ఒకసారి చెప్తాను. ఇటలీలో ఉండే మీ అమ్మాయి, అల్లుడు టస్కనీ ప్రాంతంలోని మోంటాల్చీనో అనే ఊరి దగ్గర ఒక కుటుంబం నడుపుకునే చిన్న ఆర్గానిక్ వైన్ ఎస్టేట్‌కి వెళ్ళి, బ్రూనెల్లో అనే అక్కడి ఎర్ర వైన్ బాటిళ్ళు రెండు తెచ్చిచ్చారు, ఒకటి 2010, ఇంకోటి 2016. మూడేళ్ళుగా రెండూ హైదరాబాద్‌లో మీ బెడ్‌రూమ్ బీరువాలోనే ఉన్నాయి. 2010 దాంట్లో అడుగున మడ్డి పేరుకుంది, లైటుకి ఎదురుగా పెడితే ఇటుక రంగు కనిపిస్తోంది. ఆర్గానిక్‌లో ప్రిజర్వేటివ్స్ ఉండవు కదా పాడైపోయుంటుంది అని ఒక ఫ్రెండ్ అన్నారు, వైన్ ఎంత పాతబడితే అంత మంచిది ఇంకో పదేళ్ళు కదపొద్దు అని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. 2010 బాటిల్‌ని ఈ చలికాలంలోనే తెరిచి తాగేయండి. 2016కి వైన్ ఫ్రిజ్ కొనే ఉద్దేశం ఉంటే ఇంకో పదేళ్ళు ఉంచొచ్చు, లేకపోతే దాన్ని కూడా వచ్చే ఎండాకాలం రాకముందే తాగేయడం మంచిది. మడ్డి, ఇటుక రంగు రెండూ ఆ వయసు వైన్‌కి మామూలే. ఇక్కడ అనుమానించాల్సింది ఆర్గానిక్‌ని కాదండీ, మీ బీరువాని.

నేను ఫ్లోరెన్స్‌లో ఒక రెస్టారెంట్‌లో చాలాకాలంగా వైన్ సెల్లార్, అంటే వైన్ దాచే చల్లటి గది, చూసుకుంటున్నాను, టస్కనీ వైన్లే ఎక్కువ, మోంటాల్చీనో ఎస్టేట్లకి ఏటా వెళ్తుంటాను. ఎండాకాలంలో విజయవాడ వచ్చినప్పుడు చుట్టాలు, ఫ్రెండ్స్ వాళ్ళ ఇళ్ళల్లో దాచిన బాటిళ్ళు నా చేతే తీయిస్తారు కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతుందో చూసే అవకాశం దొరికింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు ఇది అంతకాలం ఎందుకు నిలుస్తుందో చూద్దాం, ఎందుకంటే చాలా వైన్లు నిలవవు. షాపుల్లో దొరికే వైన్లలో ఎక్కువ శాతం రెండు మూడేళ్ళలో తాగడానికే చేస్తారు, వాటిని పదేళ్ళు దాస్తే మిగిలేది పుల్లటి నీళ్ళే. బ్రూనెల్లో సంగతి వేరు. ఇది నూటికి నూరు శాతం సాంజోవేజే అనే ఒక్క ద్రాక్షతోనే చెయ్యాలి, ఇంకోటి కలపకూడదు. ఈ ద్రాక్షలో పులుపు ఎక్కువ, వగరు ఎక్కువ. కుర్ర బ్రూనెల్లో తాగితే నాలుక, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటుంది, ఆ వగరు తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చే టానిన్. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. మీకు కనిపిస్తున్న మడ్డి అదే, అంటే వగరు కొంత గ్లాసులోకి రాకుండా బాటిల్ అడుగున ఉండిపోయిందన్నమాట. పులుపు మాత్రం అలాగే ఉంటుంది, వైన్‌ని నిలబెట్టేది అదే.

రంగు గురించి కూడా కంగారు పడకండి. సాంజోవేజేకి పుట్టుకతోనే రంగు తక్కువ, కొత్తగా ఉన్నప్పుడే అవతల పెట్టిన వేళ్ళు గ్లాసులోంచి కనిపిస్తాయి, వయసొచ్చేకొద్దీ అంచుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది. నిజానికి 15 ఏళ్ళ బ్రూనెల్లో నల్లగా, సిరాలా ఉంటేనే నాకు అనుమానమొస్తుంది. 2008లో మోంటాల్చీనోలో కొందరు వేరే ద్రాక్ష కలుపుతున్నారన్న ఆరోపణలతో పెద్ద దర్యాప్తు జరిగింది, రంగు ముదురుగా ఉంటే అమెరికాలో బాగా అమ్ముడవుతుందన్న ఆశే దానికి మూలం అని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆ తర్వాత ఇక్కడివాళ్ళు రంగు తక్కువగా ఉండడాన్ని గర్వంగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

రూల్స్ కూడా గట్టివే. కోత జరిగిన ఏడాది తర్వాత అయిదో ఏడాది జనవరి 1 దాకా అమ్మకూడదు. అందులో కనీసం రెండేళ్ళు చెక్క పీపాల్లో, కనీసం నాలుగు నెలలు బాటిల్‌లో ఉండాలి. అంటే మీ 2010 వైన్ 2015 జనవరిలో, 2016 వైన్ 2021 జనవరిలో బయటికొచ్చాయి. రిజర్వా అని రాసుంటే ఇంకో ఏడాది ఆలస్యం. హెక్టారుకి 8 టన్నుల ద్రాక్ష కంటే ఎక్కువ తీయకూడదు. మెడ మీద నంబరు వేసిన గవర్నమెంట్ స్టిక్కర్ పట్టీ ఉంటుంది, డీఓసీజీ (ఇటలీ వైన్లకిచ్చే అన్నిటికంటే పై హోదా) పట్టీ అంటారు, మీ బాటిల్ మీద ఉందో లేదో చూడండి.

ఇక్కడ చిన్న కుటుంబం అన్నమాటకి అర్థం ఏంటంటే అయిదేళ్ళ పంట డబ్బు ఎప్పుడూ పీపాల్లోనే ఉంటుంది. నాలుగైదు హెక్టార్లు ఉన్నవాళ్ళకి అది మామూలు భారం కాదు. అందుకే చాలామంది అదే తోటలోంచి రోస్సో డి మోంటాల్చీనో అని ఇంకోటి చేస్తారు, అది కోత తర్వాతి ఏడాది సెప్టెంబర్ నుంచే అమ్ముకోవచ్చు, ఇల్లు గడిచేది దాని మీదే. 2014లాగా వానలు పడి పంట సరిగా లేని ఏడాదిలో నిజాయితీగల కుటుంబాలు చాలావరకు బ్రూనెల్లోని తగ్గించేసి ఆ ద్రాక్షని రోస్సోలోకే దింపేశాయి. నేను ఎస్టేట్‌కి వెళ్ళినప్పుడు మొదట అడిగేది 2010, 2016 గురించి కాదు, 2014లో ఏం చేశారని. ఆ జవాబుతో సగం తెలిసిపోతుంది. మీ అదృష్టం, మీ దగ్గరున్న రెండు ఏళ్ళూ బలమైనవే, రెండింటికీ అక్కడి ఉత్పత్తిదారుల సంఘం అయిదుకి అయిదు స్టార్లు ఇచ్చింది.

ఇక ఆర్గానిక్ సంగతి. ఆర్గానిక్ అంటే ప్రిజర్వేటివ్ అసలు లేదని కాదు. వైన్‌లో వాడేది సల్ఫర్ డయాక్సైడ్, సల్ఫైట్లు అని లేబుల్ మీద రాసేది దాన్నే. యూరప్ రూల్ ప్రకారం తీపి లేని మామూలు ఎర్ర వైన్‌లో లీటరుకి 150 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, ఆర్గానిక్ ఎర్ర వైన్‌లో 100 దాకా. తేడా ఉంది కానీ సున్నా కాదు. ఏమీ కలపకపోయినా పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే కొద్దిగా సల్ఫైట్ తయారుచేస్తుంది. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఆర్గానిక్ అయినా కాకపోయినా సల్ఫైట్లు ఉన్నాయని రాయాల్సిందే.

ఇంకో విషయం, మీరు 2016 మీద ఆకుపచ్చ ఆకు లోగో (యూరప్ ఆర్గానిక్ గుర్తు) ఉంది 2010 మీద లేదు, మోసమా అని కూడా అడిగారు. మోసం కాదు. యూరప్‌లో ఆర్గానిక్ వైన్ అనే మాటకి రూల్స్ వచ్చిందే 2012 కోత నుంచి. అంతకుముందు తోటకి మాత్రమే సర్టిఫికెట్ ఉండేది, వైనరీలో ఏం చెయ్యాలో రూల్ లేదు, అందుకని వెనక లేబుల్ మీద ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్ అని రాసుకునేవాళ్ళు. మీ 2010 వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో బియోలోజికే (ఇటాలియన్‌లో ఆర్గానిక్ అని) అన్న మాట ఉందేమో చూడండి.

తోటలో ఏం జరుగుతుందో మన రైతు కుటుంబాల వాళ్ళకి చెప్తే వెంటనే అర్థమవుతుంది. తీగకి రెండు తెగుళ్ళు ప్రధానం, బూజు తెగులు, బూడిద తెగులు. బూజుకి బోర్డో మిశ్రమం లాంటి రాగి మందు, బూడిదకి గంధకం. ఆర్గానిక్ వాళ్ళు కూడా ఇవి కొడతారు, అసలు మందే కొట్టరనుకోవడం తప్పు. రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి హెక్టారుకి ఏడేళ్ళలో 28 కిలోలు దాటకూడదని పరిమితి పెట్టారు. గడ్డి మందు మాత్రం వాడకూడదు, రసాయన ఎరువులు కూడా వద్దు. అందుకని శరదృతువులో సాళ్ళ మధ్య చిక్కుడు జాతి మొక్కలు చల్లి, వసంతంలో పూత మీదుండగా నేలలో కలియదున్నేస్తారు. మన దగ్గర జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి దున్నే పచ్చిరొట్టే అది, తేడా ఏమీ లేదు. తోట ఆర్గానిక్‌కి మారాలంటే మూడేళ్ళు పడుతుంది, ఆ మూడేళ్ళూ ఖర్చు ఆర్గానిక్‌ది, రేటు మామూలుది.

మోంటాల్చీనోలో ఇది కొంచెం సులువు, ఒప్పుకోవాలి. కొండ మీద గాలి బాగా ఆడుతుంది, దక్షిణాన అమియాటా కొండ 1,738 మీటర్ల ఎత్తున అడ్డం నిలబడి తుఫానుల్ని చాలావరకు ఆపుతుంది, ఆకులు త్వరగా ఆరిపోతాయి. అయినా 2023 లాంటి ఏడాది వస్తే ఎవరికీ గ్యారంటీ లేదు, ఆ ఏడాది ఇటలీ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో బూజు తెగులు పంటని దారుణంగా తినేసింది. రాగి మందు ఆకు మీద పైపైన ఉండేది, వాన పడితే కడుక్కుపోతుంది, మళ్ళీ కొట్టాలి, తడి నేలలో ట్రాక్టర్ దిగదు. అలాంటప్పుడు పెద్ద కంపెనీకి కూలీలు ఉంటారు, చిన్న కుటుంబానికి ఇంట్లోవాళ్ళే ఉంటారు.

ఇంతకీ ఆర్గానిక్ కాబట్టి ఎక్కువ నిలుస్తుందా, తక్కువ నిలుస్తుందా? నా అనుభవంలో చల్లటి సెల్లార్‌లో ఉన్నంతకాలం తేడా తెలియదు, వేడి తగిలితే మాత్రం తెలుస్తుంది. ఎందుకంటే సల్ఫైట్ వైన్‌ని ఆక్సిజన్ నుంచి కాపాడే గొడుగు, ఆర్గానిక్‌లో ఆ గొడుగు కాస్త చిన్నది. 13, 14 డిగ్రీల్లో దానికి పెద్ద పని ఉండదు. 35 డిగ్రీల గదిలో ఉంటే రసాయన చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి, ఉన్న కొద్ది సల్ఫైట్ త్వరగా అయిపోతుంది. మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో నిజం ఈ కాస్తే.

ఒకసారి ఒకే ఎస్టేట్, ఒకే ఏడాది వైన్ రెండు బాటిళ్ళు పక్కపక్కన పెట్టి తాగే అవకాశం వచ్చింది. ఒకటి మా రెస్టారెంట్ సెల్లార్‌ది, ఇంకోటి విజయవాడలో మా చుట్టాల ఇంట్లో కొన్ని వేసవులు చూసి మళ్ళీ నాతో ఫ్లోరెన్స్ వచ్చింది. సెల్లార్‌దాంట్లో ఎండిన చెర్రీ, నారింజ తొక్క, తోలు, ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ పక్కనుంచి వెళ్తే వచ్చే తీపి ఘాటు లాంటి వాసన, చివర్లో నోరూరించే పులుపు. ఇంటి బాటిల్ తాగలేనంత పాడవ్వలేదు కానీ వాసన మొత్తం ఉడికించిన ద్రాక్షపళ్ళలా ఒకే స్వరంలో ఉంది, చివరన కొంచెం చేదు. కార్క్ మీద తేడా ఇంకా స్పష్టం: సెల్లార్ బాటిల్ కార్క్ అడుగున మాత్రమే ఎర్రగా ఉంది, రెండోదాని కార్క్ పక్కనుంచి ఎర్ర చారలు దాదాపు పైదాకా పాకాయి. పగలు వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ని తోసింది, రాత్రి ఏసీకి చల్లబడి గాలిని లోపలికి పీల్చుకుంది. రోజూ ఇదే జరిగితే ఎంత మంచి వైన్ అయినా అంతే.

కాబట్టి మీ 2010ని ఇప్పుడే బీరువాలోంచి తీసి చూడండి. రేకు మూత కింద కార్క్ గాజు అంచు కంటే పైకి పొడుచుకొచ్చిందా, మెడ చుట్టూ జిగట ఉందా, నిలబెడితే వైన్ మట్టం మెడలోనే ఉందా లేక భుజం దాకా దిగిపోయిందా. మట్టం మెడలో ఉండి, జిగట లేకపోతే ఎనభై శాతం బాగానే ఉన్నట్టు. భుజం దాకా దిగితే ఆశలు తగ్గించుకోండి, అయినా పారబొయ్యకండి, తీసి చూస్తే పోయేదేముంది.

తీసే పద్ధతి. రెండు రోజుల ముందే నిటారుగా నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగాలి, ఆ తర్వాత ఊపకూడదు. తాగే రోజు ఫ్రిజ్‌లో ఓ 40 నిమిషాలు పెట్టండి. ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అంటారు చూశారా, అది రాతి గోడల పాత యూరప్ ఇళ్ళ మాట, మన హాలు మాట కాదు. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. బ్రూనెల్లోలో ఆల్కహాల్ మామూలుగా 14 శాతం చుట్టుపక్కల ఉంటుంది, 28 డిగ్రీల్లో పోస్తే ముక్కుకి స్పిరిట్ తప్ప ఇంకేం అందదు.

పాత కార్క్ మెత్తబడి ఉంటుంది. స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పి, తొందర లేకుండా నిలువుగా లాగండి, విరిగితే మళ్ళీ వాలుగా దించి లాగండి, అదీ కాకపోతే లోపలికి తోసేసి సన్నటి టీ వడపోత పెట్టి వంచుకోండి, సిగ్గేం లేదు, రెస్టారెంట్లలో కూడా చేస్తారు. జగ్గులోకి వంచేటప్పుడు మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టండి. వైన్ సన్నటి ధారగా పారుతుంటే స్పష్టంగా ఉంటుంది, ఒక క్షణంలో భుజం దగ్గర పొగలాంటి మడ్డి కదిలి మెడవైపు రావడం కనిపిస్తుంది, అక్కడితో ఆపేయండి. అడుగున రెండు వేళ్ళంత మిగులుతుంది, అది వంటలోకి.

వెడల్పాటి డికాంటర్ (గాజు జగ్గు)లో నాలుగు గంటలు గాలి పట్టించమని వీడియోల్లో చెప్తారు, అది 2016కి. 2010ని తీయగానే ఒక గుక్క రుచి చూడండి. వాసన, రుచి బయటికి రాకుండా మూసుకుపోయినట్టుంటే అరగంట ఆగండి, బాగుంటే వెంటనే పోసుకోండి. పాత వైన్ గ్లాసులోనే మెల్లగా తెరుచుకుంటుంది, వేడి తగిలిన పాత వైన్ అయితే గంటన్నరలో వాలిపోతుంది కూడా.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, ఎంత గాలి పట్టించినా పోదు, ఆర్గానిక్‌కీ దానికీ సంబంధం లేదు. నెయిల్ పాలిష్ లేదా వెనిగర్ వాసన ముక్కుని పొడిస్తే వైన్ పులిసిపోయినట్టు. కొంచెం పశువుల కొట్టం వాసన వస్తే మాత్రం కంగారు పడొద్దు, చిన్న ఎస్టేట్ల పాత పీపాల్లో ఒక రకం ఈస్ట్ వల్ల అది వస్తుంటుంది, కొద్దిగా ఉంటే ఇష్టపడేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇష్టం ఉండదు.

పక్కన ఏం తినాలి అని కూడా అడిగారు. అక్కడివాళ్ళు అడవిపంది మాంసం, చేత్తో పాములా లాగిన పీచి అనే లావుపాటి నూడుల్స్, పియెంజా గొర్రెపాల చీజ్‌తో తాగుతారు. మన ఇంట్లో అయితే పచ్చిమిర్చి ఘాటు, చింతపండు పులుపు రెండూ దూరం పెట్టండి. కారం మీద వగరు, ఆల్కహాల్ రెండూ మంటలా తగులుతాయి, గోంగూర మటన్‌తో తాగితే గోంగూరా పాడు, వైనూ పాడు. మిరియాలతో చేసిన మటన్ వేపుడు బాగుంటుంది. నా ఓటు హలీమ్‌కి, నిమ్మకాయ పిండకుండా, మిర్చి లేకుండా, వేయించిన ఉల్లిపాయతో. గోధుమ, నెయ్యి, మెత్తగా ఉడికిన మాంసం కలిసి మిగిలిన వగరుని తీసేస్తాయి.

చివరగా మీ 2016. ఇది ఇంకా కుర్రది, వగరు బాగా ఉంటుంది, సరైన చోట ఉంటే పదేళ్ళు తేలిగ్గా ఎదుగుతుంది. మీ దగ్గర మూడు వేసవులు చూసింది కాబట్టి ఫుల్ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీలు సెట్ చేసి పడుకోబెట్టి ఉంచండి, కరెంట్ పోయినా రెండు మూడు గంటలకి ఏమీ కాదు. ఒక్క బాటిల్ కోసం వైన్ ఫ్రిజ్ కొనడం దండగ అనిపిస్తే ఈలోపు మామూలు ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర వెనకాల పడుకోబెట్టండి, అక్కడ మరీ చల్లగా, పొడిగా ఉంటుంది కానీ కొన్ని నెలలకి పర్లేదు, బీరువా కంటే వెయ్యి రెట్లు నయం. 2016ని తాగే రోజు సాయంత్రం ఆరింటికే తీసి జగ్గులో పోసిపెట్టి తొమ్మిదింటికి కూర్చోండి.

2010 తీశాక కార్క్ ఫోటో ఇక్కడే కింద పెట్టండి, చారలు ఎంతదాకా పాకాయో చూస్తే 2016ని ఎంతకాలం ఉంచొచ్చో ఇంకాస్త గట్టిగా చెప్పగలను.